కుర్చీ మనదైంది, బుక్కు ఎవరిది?

(రిజర్వుడు సీట్లలో గెలిచిన సర్పంచులు, వార్డు మెంబర్లు, మున్సిపల్ కౌన్సిలర్ల సభలో చేసిన ప్రసంగ పాఠం)

  

దండలు వేయడం అయింది, శాలువాలు కప్పడం అయింది. గెలిచిన రాత్రి వాడలో డప్పు మోగింది. అది మోగాల్సిందే. తరతరాలుగా ఊళ్లో ఎవరో చెప్పిన కబురును చాటింపు వేయడానికే మోగిన డప్పు ఇవాళ మన గెలుపుకి మోగిందంటే చిన్న సంగతి కాదు. కానీ తెల్లారి పంచాయతీ ఆఫీసుకు పోయినాక ఏం జరిగిందో మీలో చాలామందికి తెలుసు. కుర్చీ వేశారు, కూర్చోబెట్టారు, టీ తెప్పించారు. బీరువా తాళం మాత్రం చేతికివ్వలేదు. తీర్మానాల బుక్కు అడిగితే "తర్వాత చూద్దాంలే" అన్నారు. నాలుగు రోజుల తర్వాత అదే బుక్కు ఇంటికొచ్చింది, సంతకానికి. పైన ఏం రాసుందో చదవనివ్వలేదు. కొన్ని చోట్ల పైన ఏమీ రాసే లేదు, ఖాళీ కాగితం.

కాబట్టి ఇవాళ మేం మాట్లాడేది ఒక్కటే విషయం. కుర్చీ మనదైంది సరే. ఆ బుక్కు ఎవరిది?

ముందుగా ఈ కుర్చీ ఎట్లా వచ్చిందో తెలుసుకోవాలి. లేకపోతే "మేమే పోనీలే అని ఇచ్చాం" అని ఊరి పెద్దలు చెప్పే మాటే నిజమనుకుంటాం. గ్రామాన్ని స్వర్గంలా వర్ణించి, రాజ్యాంగాన్ని ఊళ్ల మీదే నిలబెట్టాలని చాలామంది పెద్దలు అడిగిన రోజుల్లో బాబాసాహెబ్ అంబేద్కర్ ఒప్పుకోలేదు. 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో నిలబడి, ఈ దేశపు గ్రామం సంకుచితత్వానికీ అజ్ఞానానికీ కులతత్వానికీ నిలయమని కుండబద్దలు కొట్టినట్టు చెప్పారు. ఊరిని ఆయన వాడ వైపు నుంచి చూశారు. ఏ రక్షణా లేకుండా పంచాయతీకి అధికారమిస్తే ఊరి దొరకు ఇచ్చినట్టేనని ఆయనకు తెలుసు. తర్వాత 40వ అధికరణంలో పంచాయతీల మాట చేరింది. అయినా వాటిలో మన వాటాను రాజ్యాంగంలోనే రాయడానికి నలభై ఏళ్లు దాటింది. 73వ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది. జనాభాను బట్టి ఎస్సీ, ఎస్టీలకు సీట్లు, అధ్యక్ష పదవులు, అందులో ఆడవాళ్లకు వాటా ఉండాలని 243-డి అధికరణం చెప్పింది. 74వ సవరణతో పట్టణాలకూ అదే వచ్చింది. 1994లో ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం, 1995లో ఎన్నికలు. ఇదీ కుర్చీ వచ్చిన దారి. ఇందులో ఏ రెడ్డిగారి దయా లేదు, ఏ చౌదరిగారి పెద్దమనసూ లేదు, ఏ దొర ధర్మమూ లేదు.

ఇక చట్టం చాలునా? చాలదు. ఈ పాఠం మనకు మహాడ్ చెప్పింది. మహాడ్ అనగానే అందరికీ చవదార్ చెరువు గుర్తొస్తుంది, బాబాసాహెబ్ దోసిలితో నీళ్లు తాగడం గుర్తొస్తుంది. దానికి ముందు జరిగింది వార్డు మెంబర్లుగా మీరు ఇంకా జాగ్రత్తగా వినాలి. 1923 ఆగస్టులో బొంబాయి శాసనమండలిలో ఎస్.కె. బోలే ఒక తీర్మానం పెట్టాడు. ప్రభుత్వ డబ్బుతో కట్టిన బావులు, చెరువులు, బడులు, ఆసుపత్రులు అంటరానివారికీ తెరవాలన్నది ఆ తీర్మానం. అది ప్యాసయింది. 1924లో మహాడ్ మున్సిపాలిటీ కూడా మా చెరువు అందరిదీ అని తీర్మానం రాసుకుంది. మరి మూడేళ్లలో మనవాళ్లు ఎన్ని బిందెల నీళ్లు తెచ్చుకున్నారు? ఒక్క బిందె కూడా లేదు. కాగితం మీద చెరువు అందరిదీ, గట్టు మీద మాత్రం వాళ్లదే.

1927 మార్చి 20న బాబాసాహెబ్ వెనక వేలమంది నడిచి వెళ్లి నీళ్లు ముట్టుకున్నాకే ఆ తీర్మానానికి ప్రాణమొచ్చింది. దాంతో ఏమైంది? మనవాళ్లను కొట్టారు. మైలపడిందని పంచగవ్యంతో చెరువును శుద్ధి చేశారు. అదే ఏడాది ఆగస్టులో మున్సిపాలిటీ తన తీర్మానాన్ని తానే వెనక్కి తీసుకుంది. అది మా సొంత చెరువు అంటూ సవర్ణులు కోర్టుకెక్కారు. 1937లో బొంబాయి హైకోర్టు మన పక్షాన తీర్పు చెప్పేదాకా కేసు నడిచింది. ఒక తీర్మానం నిజం కావడానికి పద్నాలుగేళ్లు! కాబట్టి తీర్మానం రాయగానే పనైపోయిందనుకోకండి. దాని వెనక జనం నడవాలి, కోర్టు దాకా పోయే ఓపిక ఉండాలి.

ఇప్పుడు మన నేల మీదికి వద్దాం. చిలకలగూడ బస్తీ తెలుసు కదా, సికింద్రాబాద్‌లో. అక్కడ 1918 డిసెంబరు 1న పుట్టిన మన బిడ్డ జె. ఈశ్వరీబాయి. పెళ్లయి పూణె వెళ్లింది. భర్త పోయాక తిరిగొచ్చి బడిలో పాఠాలు చెప్పుకుంటూ బతికింది. 1950ల మొదట్లో చిలకలగూడ నుంచి నిలబడి కౌన్సిలర్‌గా గెలిచింది. నైజాం పాలన పోయి ఎన్నేళ్లో కాలేదు. ఒంటరి ఆడది, దళిత స్త్రీ, పెద్ద డబ్బు లేదు. కౌన్సిలరంటే ఏం పదవి? కారు లేదు, గన్‌మన్ లేడు. కానీ బస్తీలకు మంచినీళ్లు, వీధి దీపాలు, రోడ్లు, కాల్వలు, ఇళ్లు కావాలని ఆమె ఆ చిన్న పదవితోనే కొట్లాడింది. బస్తీ మనిషి కష్టం చెప్పుకోవడానికి పోగలిగిన గడప ఆమెది.

ఈ సంగతి చెప్పడానికి కారణముంది. "మేం వార్డు మెంబర్లం, మాతో ఏమవుతుంది, ఎమ్మెల్యే అయితే కదా" అంటారు మనోళ్లు. ఈశ్వరీబాయి 1967లో రిపబ్లికన్ పార్టీ తరఫున ఎల్లారెడ్డి నుంచి అసెంబ్లీకి వెళ్లింది, 1972లో మళ్లీ గెలిచింది. 1968లో కంచికచర్లలో కోటేశును సజీవంగా తగలబెడితే అసెంబ్లీలో గొంతెత్తి నిలదీసింది. ఆ గొంతు అసెంబ్లీకి వెళ్లాక కొత్తగా రాలేదు. కుళాయి గురించి, కాల్వ గురించి ఆఫీసర్ల ముందు నిలబడి అడిగి అడిగి గట్టిపడిన గొంతు అది. వార్డులో కుళాయి అడగలేనివాడు అసెంబ్లీలో కోటేశు గురించి అడుగుతాడా? అక్కడ పార్టీ విప్ చూసి చెయ్యెత్తుతాడు, దించుతాడు.

నీళ్లంటే చిన్న విషయమని కొందరు మేధావులంటారు. సిద్ధాంతం మాట్లాడండి, రాజ్యాధికారం మాట్లాడండి, ఈ పైపులూ బోరింగులూ ఏంటి అంటారు. వాళ్లకి కారంచేడు గుర్తు చేయాలి. 1985 జూలైలో అక్కడ గొడవ ఎక్కడ మొదలైంది? చెరువు దగ్గర. మాదిగపల్లె తాగే నీళ్లను పెద్దకులపు కుర్రాళ్లు మురికి చేస్తుంటే మున్నంగి సువార్త అనే ఆడబిడ్డ అడ్డం పడి అడిగింది. ఒక్క మాట, ఎత్తిన ఒక్క బిందె. తెల్లారి జూలై 17న పల్లె మీద పడి ఆరుగురిని చంపారు, ఆడవాళ్లని చెరిచారు. ఆ నెత్తుటిలోంచే దళిత మహాసభ పుట్టింది. తెలుగు నేల మీద మన ఉద్యమం నిలబడింది నీళ్ల గొడవ మీద! మంచినీళ్లు ఎవరికి, ఎక్కడ, ఎంత అన్నదే ఊళ్లో రాజ్యాధికారం. దాన్ని మించిన సిద్ధాంతం వాడకు లేదు.

ఇప్పుడు కుర్చీని మన చేతిలో పెట్టి, పనిని మాత్రం వాళ్ల చేతిలో ఎట్లా ఉంచుకుంటున్నారో చూద్దాం. మేం తిరిగిన ఊళ్లలో మూడు ఎత్తులు చూశాం.

మొదటిది ఏకగ్రీవం. సీటు ఎస్సీకి రిజర్వయిందని తెలిసిన రాత్రే రచ్చబండ దగ్గర పెద్దలు కూర్చుంటారు. తమ జీతగాడిని, తమ ట్రాక్టరు డ్రైవర్‌ని, తమ ఇంట్లో పాచిపని చేసే ఆమెను నిలబెడతారు. చదువుకున్న మన పిల్లవాడు నామినేషన్ వేస్తానంటే అప్పు పత్రం బయటికి తీస్తారు, కౌలు భూమి గుర్తు చేస్తారు. పోటీ లేకపోతే ప్రభుత్వం ప్రోత్సాహక డబ్బులిస్తుంది, ఊరు బాగుపడుతుంది అని నీతి చెబుతారు. రెండు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వాలు ఈ డబ్బు ఆశ చూపించాయి. జనరల్ సీటయితే కోట్లు కుమ్మరించి కొట్టుకునేవాళ్లకి మన సీటు రాగానే శాంతి ఎందుకు గుర్తొస్తుందో ఆలోచించండి.

రెండోది సంతకం. తెలంగాణలో 2018 పంచాయతీరాజ్ చట్టం వచ్చాక, 2019లో సర్పంచుకూ ఉపసర్పంచుకూ కలిపి జాయింట్ చెక్‌పవర్ ఇచ్చారు. పైకి చూస్తే ఒకరి మీద ఒకరు నిఘా, మంచిదే కదా అనిపిస్తుంది. కానీ ఉపసర్పంచును ఎన్నుకునేది వార్డు మెంబర్లు. రిజర్వుడు ఊళ్లో ఆ పదవి ఎవరు పట్టుకుంటారో మనకు తెలియదా? మన సర్పంచు వాడకు కాల్వ తవ్విస్తే ఆ బిల్లు మీద రెండో సంతకం పడదు. ఊళ్లో పెద్దల వీధికి రెండోసారి సిమెంటు వేస్తే మాత్రం ఇద్దరూ సంతకం పెట్టాలి. దీనికి మందు ఒక్కటే. ఉపసర్పంచు ఎన్నిక రోజును సర్పంచు ఎన్నిక అంత ముఖ్యంగా చూడాలి. ఎస్సీ, బీసీ వార్డు మెంబర్లు ముందే కూర్చుని మాట్లాడుకోవాలి. అక్కడ విడిపోతే ఐదేళ్లు పోయినట్టే.

మూడోది మన ఇంట్లోనే ఉంది. ఏపీలో, తెలంగాణలో సగం సీట్లు ఆడవాళ్లవి. గెలిచింది చెల్లెమ్మ, మీటింగుకి వచ్చేది బావ. ఆమె గడప దాటదు, ఆయన జీపెక్కి తిరుగుతాడు. అన్నలారా, కోపం తెచ్చుకోకండి. దొర మన సంతకాన్ని వాడుకుంటే దోపిడీ అంటాం. మన భార్య సంతకాన్ని మనం వాడుకుంటే ఏమనాలి? కుళాయి దగ్గర నిలబడేది ఆమె, బిందె మోసేది ఆమె. నీళ్ల సంగతి మీకన్నా ఆమెకే ఎక్కువ తెలుసు. ఆమెను మాట్లాడనివ్వండి.

సరే, ఇక పని. రేపు పొద్దున్నే ఏం చేయాలి?

ముందు నడవండి. ట్యాంకు దగ్గర మొదలుపెట్టి పైపు వెంట వాడ చివరి ఇంటిదాకా నడవండి. వాల్వు ఎక్కడుంది, ఎవరు తిప్పుతారు, ఏ వీధికి ఎన్ని గంటలు వదులుతారు, వాడకు ఏ వేళకు వస్తాయి, ఇవన్నీ ఒక నోటు పుస్తకంలో రాసుకోండి. చాలా ఊళ్లలో పైపు ఊరంతా తిరిగి వాడకు చివర్న వస్తుంది, సన్నబడి వస్తుంది. పైన మోటార్లు పెట్టి లాగేస్తే మనకు గాలి వస్తుంది. 2016లో మిషన్ భగీరథ, 2019లో జల్ జీవన్ మిషన్ వచ్చాయి. ఇంటింటికీ నల్లా బిగించామని లెక్కలు రాశారు. నల్లా ఉందా అని కాదు, నీళ్లు వస్తున్నాయా అని రాసుకోండి. మన వాడలోనూ చివరి ఇల్లు ఒకటుంటుంది. మాల వీధి దాటి మాదిగ వీధి, అది దాటి డక్కలి గుడిసెలు, చిందోళ్ల ఇల్లు, కొన్నిచోట్ల రెల్లిపేట. అక్కడిదాకా నడవకపోతే మనం కూడా చిన్న దొరలమే.

తర్వాత డబ్బు లెక్క. పంచాయతీలో పైసల్లేవు అన్నది సెక్రటరీ మొదటి మాట. నిజంగానే నిధులు తక్కువే, ప్రభుత్వాలు ఆలస్యం చేస్తాయి, కరెంటు బిల్లులకే పోతాయి. అయినా ఉన్నదెంతో అడగాలి కదా! పదిహేనో ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 వరకు స్థానిక సంస్థలకిచ్చిన గ్రాంట్లలో 60 శాతం తాగునీటికీ పారిశుద్ధ్యానికే వాడాలని షరతు పెట్టింది. ఆ డబ్బు ఎంతొచ్చింది, వాడకు ఎంత ఖర్చయింది అని అడగండి. 1979-80 నుంచి జనాభా దామాషాలో మనకు వేరుగా నిధులు తీయాలని ప్రణాళికలో ఉంది. తీసినట్టు రాసి వేరే పనులకు మళ్లించారు. ఏళ్ల పోరాటం తర్వాత 2013లో ఎస్సీ, ఎస్టీ సబ్‌ప్లాన్ చట్టం వచ్చింది. తెలంగాణలో 2017లో దాని స్థానంలో ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం తెచ్చారు. చట్టం పేరు మారినా మన ప్రశ్న మారకూడదు. ఏ పని, ఏ వాడలో, ఎంత?

సెక్రటరీ చెప్పకపోతే 2005 సమాచార హక్కు చట్టం ఉంది. తెల్లకాగితం మీద రాసివ్వండి, ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. తెల్లకార్డు ఉన్నవాళ్లకి ఫీజు లేదు. తీర్మానాల బుక్కు నకలు, క్యాష్‌బుక్కు నకలు, పని కొలతలు రాసిన ఎం.బి. బుక్కు నకలు, ఈ మూడూ అడగండి. కాగితం మీద రెండువందల మీటర్లు కాల్వ ఉండి, నేల మీద ఎనభై మీటర్లే ఉంటే టేపు పట్టుకుని వాడ పిల్లల ముందు కొలవండి. ఒక్క టేపు చేసే పని పది ఉపన్యాసాలు చేయవు.

ఖాళీ కాగితం మీద సంతకం పెట్టకండి. చదువు రాకపోతే వాడలో పదో తరగతి చదివే పిల్లను పక్కన కూర్చోబెట్టుకోండి. సంతకం పెట్టిన రోజే ఆ తీర్మానాన్ని ఫోనులో ఫొటో తీసి వాడలో చదివి వినిపించండి. గ్రామసభకు మన ఆడవాళ్లు యాభైమంది వచ్చి కూర్చుంటే, అడిగినదాన్ని రాయకుండా ఏ సెక్రటరీ పెన్ను మూయలేడు.

మున్సిపాలిటీల నుంచి వచ్చిన కౌన్సిలర్లకు ఒక మాట. పట్టణంలో పారిశుద్ధ్య సేవ అంటే ఏమిటి? తెల్లవారుజామున చీపురు పట్టిన మన చేతులే. కాల్వ జామైతే వార్డువాళ్లు కౌన్సిలర్‌కి ఫోన్ చేస్తారు, కౌన్సిలర్ మేస్త్రీకి చేస్తాడు, మేస్త్రీ మనవాణ్ణి మ్యాన్‌హోల్లో దించుతాడు. 2013లో వచ్చిన చట్టం ఈ పని చేయించడం నేరమంది. మురుగులో చనిపోయినవారి కుటుంబానికి పది లక్షలివ్వాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది, 2023 అక్టోబరులో దాన్ని ముప్పై లక్షలు చేసింది. పరిహారం పెరిగింది సరే, ప్రాణం పోవడం ఆగాలి కదా! మన కౌన్సిలర్ తన వార్డులో మనిషిని దించనివ్వకపోవడం మొదటి పని. మిషను తెప్పించమని తీర్మానం పెట్టండి. కాంట్రాక్టు కార్మికులకు పి.ఎఫ్., గ్లౌజులు, టైముకి జీతం వస్తున్నాయా అని అడగండి. మన వీధి శుభ్రంగా ఉందని దండ వేయించుకునే ముందు దాన్ని శుభ్రం చేసినవాళ్ల ఇంటికి వెళ్లి రండి.

ఇదంతా చేస్తే ఊరుకుంటారా? ఊరుకోరు. అబద్ధం చెప్పి మిమ్మల్ని ఉత్సాహపరచడం మాకిష్టం లేదు. తమిళనాడులో మదురై దగ్గర మేలవలవు పంచాయతీ 1996లో మనవాళ్లకి రిజర్వయింది. మురుగేశన్ అధ్యక్షుడయ్యాడు. 1997 జూన్ 30న ఆయన్నూ, వెంట ఉన్నవాళ్లనూ బస్సులో అడ్డగించి నరికి చంపారు. ఆయన చేసిన నేరం ఆ కుర్చీలో కూర్చోవడమే. అదే ప్రాంతంలో పాప్పాపట్టి, కీరిపట్టి లాంటి ఊళ్లలో మనవాళ్లను నామినేషన్ వేయనివ్వక, వేసినా పదవిలో నిలవనివ్వక పదేళ్లు గడిపారు. 2006లో గానీ అక్కడ ఎన్నిక సరిగా జరగలేదు.

అందుకే ఒంటరిగా పోకండి. చట్టాన్ని కూడా జేబులో పెట్టుకోండి. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టాన్ని 2015లో సవరించారు, 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉంది. మనవాళ్లని ఓటు వేయనివ్వకపోవడం, నామినేషన్ వేయనివ్వకపోవడమే కాదు, పంచాయతీ, మున్సిపాలిటీ పదవిలో ఉన్న మనవాణ్ణి బెదిరించి, అడ్డుపడి విధులు చేయనివ్వకపోవడం కూడా ఆ చట్టం కింద నేరమే. సెక్షన్ 3(1)(ఎమ్) అని రాసిపెట్టుకోండి. కుర్చీ తీసేస్తే, జెండా ఎగరేయనివ్వకపోతే, సమావేశంలో నోరు మూయిస్తే ఇది గుర్తు తెచ్చుకోండి. డీఎస్పీ స్థాయి అధికారి దర్యాప్తు చేయాలి. రాజీకి పిలిచే పెద్దమనుషులు స్టేషన్ బయటే ఉంటారు. వాళ్లతో మాట్లాడేముందు వాడతో మాట్లాడండి.

ఇక వాడ జనానికి ఒక మాట, మీ ద్వారా. మనవాడు గెలవగానే వ్యక్తిగత పనుల లిస్టు పట్టుకుని అతని గుమ్మం ముందు నిలబడతాం. నాకు ఇల్లు, నా కొడుకుకి ఉద్యోగం, నాకు పింఛను. అవసరాలు నిజమే. అయితే ఒక్కొక్కరం అడిగితే మనవాడు ఒక్కొక్కరికి చేయడానికి పోయి, ఎమ్మెల్యే ఇంటి ముందు చేతులు కట్టుకుని నిలబడతాడు. అప్పుడు అతను మన మనిషి కాడు, ఎమ్మెల్యే మనిషి. అందరం కలిసి కుళాయి, కాల్వ, దీపం, శ్మశానం, బడి, ఇళ్ల స్థలాలు అడిగితే అతనికి బలమొస్తుంది. తప్పు చేస్తే నిలదీసే హక్కు కూడా మనకు మిగులుతుంది. మనవాడే కదా అని తిన్నది చూసీచూడనట్టు ఊరుకుంటే రేపు ఊరు మొత్తం "వీళ్లకి పదవులిస్తే ఇంతే" అంటుంది. వాళ్లు డెబ్బై ఏళ్లు తిన్నది ఎవరూ లెక్కపెట్టరు, మనవాడు తిన్న ఏడువందలు పేపర్లో వస్తుంది. అది అన్యాయమే. కానీ మన లెక్క శుభ్రంగా ఉంటేనే ఆ అన్యాయాన్ని అడగగలం.

ఐదేళ్లు ఎంతో కాలం కాదు. వచ్చేసారి ఈ సీటు రిజర్వేషన్ మారి జనరల్ కావచ్చు. కుర్చీ వెళ్లిపోవచ్చు. అప్పటికి వాడలో మిగిలేదేమిటి? పైపు చివరిదాకా వచ్చిందా, శ్మశానానికి దారి పడిందా, తీర్మానాల బుక్కు చదవగలిగే పదిమంది తయారయ్యారా? ఇవి మిగిలితే జనరల్ సీట్లో కూడా మనం నిలబడతాం, గెలుస్తాం. చిలకలగూడలో ఈశ్వరీబాయి నిలబడినప్పుడు 73వ సవరణ లేదు, 74వ సవరణా లేదు.

వచ్చే నెల మళ్లీ కూర్చుందాం. దండలొద్దు, శాలువాలొద్దు. మీ ఊరి నీళ్ల నోటు పుస్తకం, మూడు నకళ్లు పట్టుకుని రండి. ఏ ఊళ్లో ఏం చేశారో అక్కడ ఒక్కొక్కరే చదవాలి, మేమంతా వినాలి.

జై భీమ్!